ఒకే ఒక్క ముద్ర ఉన్న పాస్‌పోర్టు

మా మేడ మీద గది అద్దెకు తీసుకునేవాళ్ళ పాస్‌పోర్టు ముందు నా చేతికి రావాలి, తరవాతే తాళంచెవి వాళ్ళ చేతికి వెళ్ళాలి. మలయ్ దేశపు జార్జ్ టౌన్‌లో ఈ ఇల్లు కొన్నప్పటి నుంచీ నా పద్ధతి అదే. పేరూ నంబరూ రాసుకోవాలన్నది పైకి చెప్పే కారణం. అసలు పని పేజీలు తిప్పడం. మనిషి ఎక్కడెక్కడ తిరిగాడో చూస్తే, గదిలో ఎండుచేపలు వేయించే రకమో, చెప్పకుండా ఇంకో ఇద్దర్ని తెచ్చి పడుకోబెట్టే రకమో తెలిసిపోతుందని నా నమ్మకం. ఈ నమ్మకం చాలాసార్లు తప్పింది. అయినా మానుకోలేదు. కొట్టులో పుట్టి పెరిగినదాన్ని, సరుకు మూట విప్పకుండా దించుకోవడం నా వల్ల కాదు. అలాంటి నన్ను మొన్న వచ్చిన అమెరికావిడ పాస్‌పోర్టు తికమక పెట్టింది. ఆవిడకు డెబ్భై దాటాయి. పుస్తకం మాత్రం నిన్న అచ్చు వేసినట్టుంది, జిగురు వాసన కూడా పోలేదు. మొత్తం మీద ఒకే ఒక్క ముద్ర, అదీ మన ఎయిర్‌పోర్టుదే. మెషీను గేట్లోంచి రమ్మన్నా వినకుండా, ఆ ముద్ర కోసమే కౌంటరు దగ్గర వరసలో నిలబడిందట.

"పాతది ఏదీ?" అని అడిగాను.

"పాతది లేదు. ఇదే మొదటిది," అంది.

అనుమానం అక్కడ మొదలైంది. అంత పెద్ద దేశం, డబ్బున్న దేశం, ప్రపంచంలో ఎక్కడ ఏ గొడవ జరిగినా మధ్యలో నిలబడే దేశం. ఆ దేశపు మనిషి డెబ్భై ఏళ్ళు పాస్‌పోర్టు లేకుండా గడిపిందంటే జైల్లో అయినా ఉండి ఉండాలి, ప్రభుత్వం ఇవ్వనని అయినా అని ఉండాలి. పేరు మార్లీన్. ఊరు కాన్సస్ అనే రాష్ట్రంలో ఎక్కడో, ఎటు చూసినా గోధుమ చేలేనట. మొగుడూ తానూ పశువుల దాణా, విత్తనాలు అమ్మే కొట్టు నడిపారట. మొగుడు పోయాడు, కొట్టు అమ్మేశారు. మనవరాలు ఇక్కడి బడిలో ఇంగ్లీషు చెబుతోంది, ఆ పిల్ల ఉండే చోట ఒక్క మంచమే పడుతుంది కాబట్టి మూడు వారాలకు నా గది. అన్నీ అడక్కుండానే చెప్పింది. అడక్కుండా చెప్పేవాళ్ళంటే మా ఇంట్లో మొదట్నుంచీ జంకు. నేను నంబరు రాసుకుంటున్నంతసేపూ ఆవిడ కళ్ళు ఆ పుస్తకం మీదే ఉన్నాయి. ఇస్తూనే లాక్కున్నట్టు తీసుకుని సంచి లోపలి జేబులో పెట్టి జిప్పు లాగింది. ఆవిడకూ నా మీద అనుమానమే అని తెలిసి, ఎందుకో కొంచెం మనసు కుదుటపడింది.

ఆ సాయంత్రం పోర్ట్ క్లాంగ్‌లో ఉన్న తమ్ముడికి ఫోను చేశాను. వాడు గోదాముల్లో పని చేసి రిటైరయ్యాడు, ఓడలవాళ్ళతో మాట్లాడి మాట్లాడి ప్రపంచమంతా తనకు తెలుసంటాడు. మా ఇంట్లో పాత తెలుగు ఇంకా నాతో మాట్లాడేది వాడొక్కడే. చివర్లో మలయ్‌వాళ్ళ 'లా' తగిలించకుండా వాడికీ మాట పూర్తికాదు.

"అక్కా, ఆ దేశంలో సానామందికి పాస్‌పోర్టే లేదు లా."

"ఎవలు సెప్పినారు?"

"ఓడ మీద వంటోడు సెప్పినాడు. ఆడు అమెరికావోడే."

"మరి ఆడు ఓడెలాగెక్కినాడు?"

"ఆడికుంది లా. ఆడి ఊరోళ్ళకి లేదు."

"లేకపోడానికేటి రోగం?"

"నాకేటి తెలుసు. నువ్వే అడుగు. నీకు నోరుంది కదా."

అడిగాను. పొద్దున్న పూట ముందరి వరండాలో టీ పోస్తూ, రోజుకొకటి చొప్పున. మొదటి రోజు, మా దేశంలోనే అన్నీ ఉన్నాయి, మంచు కావాలంటే ఒకవైపు, ఎడారి కావాలంటే ఇంకోవైపు, మా ఇంటి నుంచి రెండు రోజులు కారు నడిపితే గాని సముద్రం కనపడదు, అంది. రెండో రోజు, సెలవులు లేవు, ఏడాదికి పది రోజులు, అందులోనే పంటి డాక్టరు, అందులోనే పెళ్ళిళ్ళు, అంది. మూడో రోజు, ఇదివరకు పొరుగు దేశాలకు వెళ్ళడానికి బండి లైసెన్సు చూపిస్తే సరిపోయేది, పెళ్ళయిన కొత్తలో మెక్సికో అలాగే వెళ్ళొచ్చాం, అంది. విమానం టిక్కెట్టు ఖరీదు అంది. టీవీలో బయటి దేశాలను ఎప్పుడు చూపించినా ఏదో ఒకటి కాలుతూనే ఉంటుంది, అంది. ఒక్కొక్కటీ నిజంలాగే ఉంది. అన్నీ కలిపితే మాత్రం, ధర పెరిగిందని చెప్పే హోల్‌సేల్ వ్యాపారి మాటల్లా ఉన్నాయి. వాన పడిందంటాడు, లారీ దొరకలేదంటాడు, పండగంటాడు. ఇన్ని కారణాలు చెప్పేవాడి దగ్గర అసలు కారణం ఇంకొకటి ఉంటుందని మా నాన్న అనేవాడు.

మా నాన్న కొట్టు హుటాన్ మెలింటాంగ్‌లో, నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక గోనె తెర. బియ్యం, ఉల్లిపాయలు, కిరసనాయిలు, వలతాళ్ళు, పడవలకు పూసే తారు, అన్నీ ఒకే గదిలో ఉండేవి. బడిలో నా పక్కన కూచున్న పిల్ల, మీ పుస్తకాలకు నెత్తళ్ళ చేపల కంపు అనేది. నిజమే, నా జడకు కూడా ఉండేది. పొద్దున్నే పడవలు తిరిగొచ్చేవేళకు నాన్న తలుపు చెక్కలు ఒక్కొక్కటే తీసి నంబర్ల వరసలో గోడకు ఆనించేవాడు. మామ్మ, అంటే నాన్నని కన్న తల్లి, గల్లా పక్కన ఎత్తుపీట మీద కూచుని వక్క కత్తిరించుకుంటూ బేరాలు వినేది. కొట్టులో అసలు బేరగత్తె ఆవిడే. చీనా పడవలవాళ్ళ పెళ్ళాలు ఆవిడతో బేరమాడడానికే వస్తారని నాన్న విసుక్కునేవాడు. విసుక్కుంటూనే పెద్ద బేరం వస్తే పక్కకు తప్పుకునేవాడు.

మా ఇంట్లో ఎవరూ ఏ అంకే సూటిగా చెప్పేవాళ్ళు కాదు. వెనక ఎన్ని బస్తాలున్నాయి అంటే, "ఏవో ఉన్నాయి." పిల్లలెందరు అంటే, "దేవుడిచ్చినంత." డాక్టరు వయసడిగితే మామ్మ ఒకసారి అరవై అనేది, ఇంకోసారి యాభై అనేది, ఆయన మొహం ఎలా ఉందో చూసి. "ఎవడైనా అంకె అడిగినాడంటే ఆడికి దాంతో పనుంది. ఆ పనేటో తెలీకుండా నువ్వు సెప్పకు," అని నాన్న నాకు పలక పట్టిన రోజుల్లోనే నేర్పాడు. దీనికి జతగా ఇంకో కట్టుబాటుండేది. ఇంట్లో ఒకరు బేరంలో ఉండగా రెండోవాళ్ళు నోరు తెరవకూడదు. అవతలివాడి ముందు మనలో మనకు అంకెలు కలవకపోతే బేరం పోయినట్టే. నేనొకసారి తెలియక, "అది రెండున్నరే కదా మామ్మా" అని, ఆ పూట అన్నంలోకి ఉప్పు నీళ్ళ చారు తిన్నాను.

మామ్మ పేరు అప్పలనరసమ్మ. పలాస దగ్గరి ఊళ్ళో పెళ్ళి చేసుకుని, కొబ్బరితోటలో గుమస్తాగిరీ దొరికిన మొగుడి వెంట పదిహేనేళ్ళకు ఓడెక్కింది. మళ్ళీ వెళ్ళలేదు. అక్కడ ఆవిడ చెల్లెలు సూరమ్మ ఉంది. "దానికి ఏడేళ్ళు. రేవు కాడ నా కొంగు వొదల్లేదే. మా అయ్య దాని సేతి ఏళ్ళు ఒక్కొక్కటే ఇప్పినాడు," అని చెప్పేది. ఏడాదికొకసారి నీలం కాయితం మీద ఎవరిచేతో రాయించి సూరమ్మ ఉత్తరం వేసేది. అందులో ఎప్పుడూ ఒకటే మాట, ఒకసారి వచ్చి కనిపించు అప్పా, అంటే అక్కా, అని. మామ్మ దగ్గరొక రేకు పెట్టె ఉండేది. సూరికని అందులో ఒక బాటిక్ బట్ట, ఒక పౌడరు డబ్బా, ఒక కొమ్ము దువ్వెన. ప్రతి శనివారం ఆ బట్టను ఎండలో ఆరేసి, మళ్ళీ అవే మడతల్లో మడిచేది. పురుగు పట్టిందని అనుమానం వస్తే కొట్టులోంచి కొత్తది తీసి పెట్టేది. నాన్న చూసి చూడనట్టు ఊరుకునేవాడు.

వెళ్ళాలంటే పాస్‌పోర్టు కావాలి. మామ్మది ఎర్ర కార్డు. ఆ రోజుల్లో పౌరులకు నీలం కార్డు, ఉండనిచ్చినవాళ్ళకు ఎర్ర కార్డు. దేశం కొత్తగా ఏర్పడినప్పుడు పేరు రాయించుకుంటే నీలం వచ్చేసేదట. ఊరికే పేరు రాసుకుంటామంటే ఎందుకో అని నాన్న ఆవిడ పేరు రాయించలేదు. ఎర్ర కార్డుతో ఇక్కడ పాస్‌పోర్టు రాదు. అక్కడ పుట్టినట్టు ఆవిడ దగ్గర కాగితం లేదు కాబట్టి అక్కడిదీ రాదు. చివరికి నాకు పదిహేడేళ్ళప్పుడు, మామ్మ రెండు రోజులు అన్నం మానేస్తే, నాన్న దిగొచ్చి నీలం కార్డుకు దరఖాస్తు వెయ్యమన్నాడు. ఇంట్లో మలయ్ రాయడం వచ్చినదాన్ని నేనే. ఎన్నేళ్ళుగా ఇక్కడ ఉంటున్నారు అన్న చోట, మొట్టమొదటిసారి ఇంట్లో కూచుని లెక్కేసి, నిజం రాశాను. నలభై మూడు.

జిల్లా ఆఫీసుకి బస్సులో తీసుకెళ్ళాను. మామ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని, కార్డు రుమాల్లో చుట్టి జాకెట్టులో పెట్టుకుంది.

"ఓలె, ఆడేటి అడుగుతాడే?"

"పేరడుగుతాడు. ఎన్నాళ్ళయింది వచ్చి అంటాడు."

"అది ఆడికెందుకంట?"

"నాకు తెలీదు మామ్మా. నువ్వు బెదరకు. కొట్లో మాటాడినట్టే మాటాడు. ఆయన మాటాడకుండా కూకున్నాడనుకో, నువ్వే ఏదోటి అను."

ఆ మాట అన్నది నేనే. మామ్మకు నాన్న చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు.

ఆఫీసరు మంచివాడు. మామ్మను మలయ్‌లో 'మక్‌చిక్', అంటే పిన్నిగారూ, అని పిలిచి కుర్చీ చూపించాడు. పేరు చెప్పింది. ఊరు చెప్పింది. "ఎన్నేళ్ళయింది మక్‌చిక్, ఇక్కడికొచ్చి?" అన్నాడు. మామ్మ వెన్ను నిటారుగా పెట్టి, "లీమా పులో," అంది. యాభై. ఆయన కలం ఆగింది. ముందున్న దరఖాస్తు చూశాడు, మామ్మను చూశాడు, ఏమీ అనలేదు. పైన ఫ్యాను తిరుగుతోంది. మా కొట్టులో ధర చెప్పాక అవతలి మనిషి మాట్లాడకపోతే దానికి ఒకటే అర్థం. మామ్మ కొంచెం ముందుకు వంగి, "అంపాట్ పులో లా," అంది. నలభై. ఆయన కనుబొమలు పైకి లేచాయి. అది కూడా ఆవిడకు తెలిసిన సైగే. కుర్చీలోంచి సగం లేచి, చెంగు సర్దుకుని, ఇక దీని మీద దించనన్నట్టు అరచెయ్యి చూపించి, "తిగా పులో లీమా. బోలే?" అంది. ముప్పై అయిదు, సరేనా? పక్క బల్ల దగ్గర ఇద్దరు నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. నా వైపు చూశాడు.

ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒక్క మాట చాలు, నలభై మూడు సార్, ఆవిడకు భయం, అని. ఏ అంకె చెప్పినా సరిపోయేదే, వాళ్ళడిగే ఏళ్ళు అంతకన్నా చాలా తక్కువ. మూడు అంకెలు చెప్పడంతోనే వచ్చింది చిక్కు. నేను నోరు తెరవలేదు. మామ్మ బేరంలో ఉంది. ఆయన ఏదో రాసుకుని కలం మూత పెట్టేశాడు.

బయటికొచ్చాక మామ్మ మొహం వెలిగిపోతోంది. "సూసినావా, యాభై అంటే ఆడికి గొంతు దిగలేదు. ముప్పై అయిదుకి ఒప్పుకున్నాడు. రాసుకున్నాడు కూడా. ఇచ్చేస్తాడులే," అని బస్‌స్టాండులో నాకు ఐస్ కొనిపెట్టింది. నేను తిన్నాను. చెప్పలేదు. ఆ సాయంత్రం శనివారం కాకపోయినా పెట్టె తెరిచి బట్ట ఆరేసింది.

కొన్ని నెలలకు కాగితం వచ్చింది. చెప్పిన వివరాలు రాసిన వివరాలతో పొసగలేదు, తగిన రుజువులతో మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు అని ఉంది. తోట ఆఫీసులో పాత పేర్ల పుస్తకం ఉందని నాకు తెలుసు. అక్కడి గుమస్తా సంతకం ఒక్కటి చాలు. నాన్నకు చదివి వినిపిస్తే, "మళ్ళీ రమ్మంటున్నాడంటే ఏదో ఉంది. ఉన్న కార్డు కూడా లాగేసుకుంటాడు. ఒద్దు," అన్నాడు. నేను అవునన్నాను. నాన్నది అనుమానం, నాది అది కూడా కాదు. మళ్ళీ వెళ్ళాలంటే లోపల ఏం జరిగిందో ఇంట్లో చెప్పాలి. మామ్మతో ఇంకా రాలేదని అన్నాను. ఆవిడ పోస్టుమాన్ సైకిలు గంట వినపడినప్పుడల్లా వక్క కత్తిరించడం ఆపేది. రెండేళ్ళ తరవాత వానాకాలంలో దగ్గు పట్టుకుని పోయింది. కార్డు తిరిగి ఇచ్చెయ్యాలన్నారు. అది ఎక్కడో పారేసుకున్నామని నాన్న చెప్పాడు. రేకు పెట్టెలో బట్టను మళ్ళీ కొట్టు అరమీద పెట్టమన్నాడు, పెట్టాను. ఒకావిడ వచ్చి నచ్చిందంది. జీవితంలో ఆ ఒక్కసారే నేను మొదటి మాటగా అసలు ధర చెప్పి, ఆవిడ ఎంత అడిగినా దించలేదు. ఆవిడ కొనుక్కుని వెళ్ళిపోయింది. దించకపోతే కొంటుందని నేను అనుకోలేదు.

ఇప్పుడు మా తమ్ముడి మనవలు ఆదివారం భోజనానికి సరిహద్దు దాటి థాయ్‌లాండ్ వెళ్ళొస్తారు. నేను తెలుగులో అడిగితే అరవంలోనో ఇంగ్లీషులోనో జవాబిస్తారు. వాళ్ళకు పాస్‌పోర్టు పంటిబ్రష్షు లాంటిది. కొట్లలో సరుకు మీద ధర అంటించే ఉంటుంది, ఎవరూ ఎవరి మొహమూ చూడక్కర్లేదు. ఈ కాలం మంచిదా కాదా అన్నది నేను తేల్చలేను. మామ్మ ఈ కాలంలో ఆ కుర్చీలో కూచుంటే మెషీను అంకె అడిగేది, మెషీను కనుబొమలు ఎత్తదు.

మార్లీన్ వెళ్ళే వారం వచ్చింది. ఆ ఉదయం ఆవిడ మంగుస్తాన్ పండ్లు తెచ్చుకుంది. అడిగిన ధర ఇచ్చి కొనుక్కొచ్చిందని తెలిసి నాకు కడుపు మండింది. ఆ మంటలోనే చివరిసారిగా అడిగాను.

"నిజం చెప్పండి. ఇన్నాళ్ళూ ఎందుకు తీసుకోలేదు?"

ఆవిడ పండు తొక్క చేతిలో పట్టుకుని ఆలోచించింది. "కావాలంటే ఎప్పుడైనా ఇస్తారని తెలుసు. అందుకే తీసుకోలేదనుకుంటాను," అంది.

ఇన్ని రోజుల్లో నేను నమ్మిన మొదటి మాట అది. నమ్మానో లేదో కోపం వచ్చింది. లోపలికి వెళ్ళి బిస్కెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాను. అందులో రబ్బరుబ్యాండు వేసిన నా పాత పాస్‌పోర్టులు ఆరు, అడుగున మామ్మ ఎర్ర కార్డు. ఫోటోలో మామ్మ కెమెరావాడితో కూడా బేరమాడుతున్నట్టే ఉంటుంది. కథంతా చెప్పాను. మార్లీన్ కార్డును రెండు చేతులతో పట్టుకుని వింది. కొట్టు నడిపిన మనిషి కాబట్టి, ముప్పై అయిదు దగ్గర నవ్వబోయి ఆగిపోయింది.

"మరి ఆ చెల్లెలు?" అంది.

మామ్మ పోయిన సంగతి రాస్తే సూరమ్మ జవాబు రాయించిందని చెప్పాను. నువ్వైనా వచ్చి కనిపించు, మా అప్ప మొకం నీ మొకంలో సూసుకుంటాను, అని. ఆ తరవాత కొన్నాళ్ళకే నాకు మొదటి పాస్‌పోర్టు వచ్చింది.

మార్లీన్ నా పాస్‌పోర్టులు ఒక్కొక్కటే తెరిచింది. నేను గది అద్దెకిచ్చే ముందు తిప్పినట్టే, నిదానంగా తిప్పింది. థాయ్‌లాండ్ ముద్రలు, సింగపూర్ ముద్రలు, బట్టల కోసం వెళ్ళినవి. థాయ్‌లాండ్, థాయ్‌లాండ్, సింగపూర్.

"ఇండియాది కనపడదే," అంది.

కొట్టు వదిలి వెళ్ళడానికి కుదరలేదన్నాను. వీసాకు కౌలాలంపూర్ దాకా వెళ్ళాలన్నాను. అక్కడి నీళ్ళు పడవన్నారు అన్నాను. సూరమ్మ ఊరికే రమ్మనదు, ఏదో సంతకం అడుగుతుంది, పొలం గొడవ ఉండి ఉంటుంది అని నాన్న అన్నాడన్నాను. అంటూనే నా గొంతు నాకు వినపడింది. వాన, లారీ, పండగ.

"మీకు పాస్‌పోర్టు వచ్చాక ఆ చెల్లెలు ఎన్నాళ్ళు బతికింది?" అని మార్లీన్ అడిగింది.

"ఒక ఏడాదో రెండేళ్ళో," అన్నాను.

మా బేరాలు తెలియని ఆ మనిషి, ఊరికే నా వైపు చూస్తూ కూచుంది. వరండా ముందు ఒక మోటారుసైకిలు ఆగి, మళ్ళీ వెళ్ళిపోయింది.

"నాలుగు," అన్నాను.

ఆవిడ మామ్మ కార్డును డబ్బాలో పెట్టలేదు. బల్ల మీద, నాకు ఎదురుగా పెట్టింది.

"తొమ్మిది," అన్నాను. "అదే ఆఖరి మాట."